నేల చలి

మా కాలేజీ వాళ్లది పెనుకొండ కొండమీద రెండు రాత్రుల క్యాంపు. నిన్న మొదటి రాత్రి రెండు దుప్పట్లూ పైన కప్పుకొని, కింద పల్చటి టార్పాలిన్ పట్టా ఒక్కటే వేసుకున్నాను. తెల్లవార్లూ వణుకే. వీపు కింద రాయి మంచుగడ్డలా ఉండింది.

పొలాల్లో గొర్రెల మంద దగ్గర పడుకున్నవాళ్లకు గుర్తుందా? నెగడు నిప్పులు పక్కకు ఊడ్చేసి, ఆ వెచ్చటి నేలమీద కంబళి పరిచేవాళ్లు. పొగ వాసన, బొచ్చు వాసన, చెంపకు గుచ్చుకునే ఉన్ని. నేనేమో ఆ కంబళి లాగి పైన కప్పుకునేదాన్ని. నాయన తిట్టేవాడు.

"చలి ఆకాశంలో యాడుండాది పాపా? నేలలో ఉండాది."

ఇంత చదివి, ఎనిమిదేళ్లప్పటి తప్పే మళ్లీ చేశాను. నామీద నాకే ఒళ్లు మండుతోంది. నిన్న ముదిగుబ్బలో బయల్దేరేటప్పుడు నాయన కంబళి చుట్టి చేతికిచ్చాడు. "గొర్రె వాసన నాయనా, అందరూ నవ్వుతారు" అని మంచం మీద పడేసి వచ్చాను.

పొద్దున్నే ఫోన్ చేశాడు.

"బాగా నిద్ర పట్టిందా?"

"ఆ, బాగా పట్టింది" అన్నాను. వెంటనే మూడు తుమ్ములు.

"తెలుస్తాండాదిలే. ఫస్టు బస్సు డ్రైవరు చేతికి కంబళి ఇచ్చినా. పెనుకొండ స్టాండులో తీసుకో. నవ్వేటోళ్లను కూడా పిల్చుకొని పో, చానా బరువుండాది."