పొగ గొట్టం తీయించిన రోజు

ఆ రోజు తప్పు నాది. గోడ తెల్లగా కనబడాలని స్నానాల గది హీటర్‌కున్న పొగ గొట్టం ఊడదీయించాను. దానివల్ల ఒక మనిషి చావు దాకా వెళ్లాడు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం కొంచెం తేలిక.

పదిహేనేళ్లు సరిహద్దుల్లో చేసి పెన్షన్‌కు వచ్చినవాణ్ణి. రెండో కొలువు కంచన్‌బాగ్‌లో, ఒక కర్మాగారం కాపలా దళంలో నాయక్‌గా. ఎనభైల మొదట్లో మాట. నవంబరులో ఉదయం ఏడింటికి గేటు దగ్గర దిగాను. ఒక ట్రంకు, పరుపు చుట్టిన హోల్డాలు, రెండు కంబళ్లు. సంతోష్‌నగర్‌లో మా ఇల్లు అక్కడికి సైకిల్ మీద పావుగంట. అయినా ఉండాల్సింది బ్యారక్‌లోనే. మంచు కొండల్లో ఉన్నప్పుడు ఇల్లు గుర్తొచ్చేది, అంతే. ఇక్కడ టవర్ ఎక్కితే మా గల్లీ నీళ్ల ట్యాంకు కనబడేది. చూసీ చూసీ అలసిపోయేవాణ్ణి.

మూడు టవర్లు, ఒక గేటు, ఒక వైర్‌లెస్ గది. నేలంతా బండలు, ముళ్లకంప. పహారా నాలుగు గంటలు, విశ్రాంతి ఎనిమిది. డిసెంబరు తెల్లవారుజామున బండలు చల్లబడిపోయి రైఫిలు ఇనుము చేతిని కొరికేది. పహారా దిగినవాడికి బకెట్టు వేడినీళ్లే సుఖం.

వైర్‌లెస్ ఆపరేటర్ నల్లగొండ వాడు. నన్ను అన్నా అనేవాడు. టవర్ మీద కునుకు పడితే అతడి గొంతే లేపేది.

"టవర్ రెండు, బోలో."

"సబ్ ఠీక్."

"ఠీకుంటే గింత సేపేంది? పన్నవా?"

"నీ గొంతింటే ఎవలికైన నిద్రొస్తది తమ్మీ."

కరెంటు ఓల్టేజీ చాలదని స్నానాల గదిలో గ్యాస్‌తో నడిచే హీటర్ పెట్టించారు. ఫలక్‌నుమా రేకు పనివాడు ఖాదర్ భాయ్ దానికి గొట్టం చేశాడు. నిలువుగా కొంత పైకి లేపి, గోడలోంచి బయటికి తీసి, చూరు దాటించి, వాన పడకుండా పైన రేకు టోపీ పెట్టాడు. తలుపు కింద నాలుగు వేళ్ల సందు కోయించాడు.

"నాయక్ సాబ్, మంటకు గాలి గావాలె. మండినంక గాలి బయటికి పోవాలె. రెండూ బంద్ జేస్తే మనిషి ఖతం. వాసన గూడ రాదు."

అగ్గిపుల్ల గీసి గొట్టం మొదట్లో పెట్టి చూపించాడు. మంట లోపలికి వంగింది. "గిట్ల గుంజాలె. మన దిక్కు తిరిగిందా, హీటర్ బంద్ జేసి నన్ను పిలువుండ్రి."

విన్నాను. తలూపాను. తర్వాత చలిగాలి కొడుతోందని ఎవరో తలుపు సందులో గోనెసంచి కుక్కారు. చూశాను. తీయమనలేదు.

జనవరిలో పెద్ద అధికారి తనిఖీ. తనిఖీ అంటే ఫౌజీ చేసే పని ఒకటే. కదలని ప్రతిదానికీ సున్నం, ఎర్రమట్టి గేరు. దారి పక్క రాళ్లకు, చెట్ల మొదళ్లకు, మంటలార్పే ఇసుక బకెట్లకు. స్నానాల గది వెనక గోడ మాత్రం మాట వినలేదు. గొట్టం అతుకు దగ్గర నల్లటి చార దిగేది. రెండుసార్లు సున్నం కొట్టించాను. రెండుసార్లూ చార దిగింది. తనిఖీ ముందు రోజు సాయంత్రం నాలుగింటికి గొట్టం తీయించి, కన్నానికి చెక్క కొట్టించి, దాని మీద కూడా సున్నం వేయించాను.

వంటశాల పొయ్యి బాగుచేయడానికి వచ్చిన ఖాదర్ భాయ్ అది చూశాడు.

"గొట్టం తీసిన్రు సరే, హీటర్‌కు తాళమేస్తున్రా?"

"రేపు తనిఖీ కాంగనె మళ్ల పెడదాం భాయ్. ఎవ్వరు ముట్టరు. ఫికర్ జెయ్యకు."

"మీ పెద్ద సాబ్ గోడను సూస్తందుకొస్తుండా, గోడెనక మనిషినా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి హాజరులో అందరికీ చెప్పాలనుకున్నాను. బూట్లు, బెల్టులు, దుప్పట్ల మడతల గొడవలో మరిచిపోయాను. సిలిండర్ వాల్వు కూడా మూయలేదు.

ఆపరేటర్ డ్యూటీలో ఉన్నాడు, గొట్టం తీసిన సంగతి అతడికి తెలియదు. ఉదయం ఐదింటికి దిగాడు. ఐదూ ఇరవైకి తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లాడు. ఐదూ నలభైకి తలుపు కింద గోనెసంచి తడిసి నీళ్లు బయటికి వస్తున్నాయి. పిలిచాను. పలకలేదు. భుజంతో తలుపు నెట్టి గొళ్లెం విరగ్గొట్టాను. గోడకు జారిపడి ఉన్నాడు. ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టే ఉంది. హీటర్ మంట పసుపుపచ్చగా మండుతోంది. ఏ వాసనా లేదు. వాల్వు మూసి, చంకల కింద చేతులు వేసి బయటి బండల మీదికి ఈడ్చాను. ఊపిరి ఉంది. ఆరూ పదికి జీపు ఆసుపత్రికి వెళ్లింది.

పదింటికి తనిఖీ జరిగింది. గోడలు భేష్ అన్నారు.

మధ్యాహ్నం మా సుబేదార్ అడిగాడు. "గొట్టం పని చేసింది ఎవరు?"

"ఫలక్‌నుమా ఖాదర్, సాబ్."

అబద్ధం కాదు. కానీ ఊడదీయించింది ఎవరో చెప్పలేదు. ఖాదర్ భాయ్ గేటు పాస్ లాక్కున్నారు. రెండు రోజులు ఆయన గేటు బయట పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు. రెండు రోజులూ నేను వెనక గేటు డ్యూటీ అడిగి తీసుకున్నాను.

మూడో రోజు ఆసుపత్రిలో ఆపరేటర్ మాట్లాడాడు. మాట నెమ్మదిగా వచ్చింది.

"అన్నా, గొట్టం ఎవలు తీసిన్రే?"

"నేనే తీయించిన."

అతడు నా వైపు తల తిప్పాడు. "మరి ఖాదర్ భాయ్‌ని పట్టుకున్నరంట గద."

తిరిగొచ్చి ఒక పేజీ రాసి సుబేదార్‌కు ఇచ్చాను. నా చేతి మీది రెండు పట్టీల్లో ఒకటి పోయింది. గేటు బయటికి వెళ్లి, పాస్ తిరిగిచ్చి, ఖాదర్ భాయ్‌కి నేనే చెప్పాను.

"గీ మాటకు రెండు రోజులు పట్టిందా భాయ్?" అన్నాడు. పెట్టె ఎత్తుకుని లోపలికి నడిచాడు. ఆ సాయంత్రమే గొట్టం బిగించాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. గోనెసంచి తీసి తగలబెట్టాను. అగ్గిపుల్ల ఈసారి నా చేతికి ఇచ్చాడు. మంట లోపలికి వంగింది.

ఆ కొలువు ముగించి ట్రంకు సైకిల్ వెనక కట్టుకుని ఇంటికి వచ్చి చాలా ఏళ్లయింది. కొండలు మరిచాను, తుపాకుల చప్పుడు మరిచాను. ఒకటి మాత్రం పోదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున ఆపరేటర్ భుజాన తువ్వాలుతో స్నానాల గది ముందు నిలబడ్డాడు. చెయ్యి తలుపు మీద ఉంది. తోయడం లేదు.

"సన్నీళ్లే పోసుకుంట తియ్యన్నా," అన్నాడు.

నేను తువ్వాలు తెచ్చుకుని అతడిని దాటి లోపలికి వెళ్లాను. హీటర్ వెలిగించి, పుల్లతో చూసి, గొళ్లెం పెట్టకుండా స్నానం చేశాను. బయటికి వినబడేలా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. మిగిలిన పద్నాలుగు నెలలూ రోజూ ముందు నేనే పోసుకున్నాను, నా తర్వాత అతడు. నేను లోపల ఉన్నంతసేపూ బయట బండ మీద కూర్చుని వినేవాడు. నా మాట ఆగితే తలుపు తట్టేవాడు.