తరిమితే వచ్చే జబ్బు

జింకల డాక్టరమ్మను పరిశోధనాలయంలో అందరూ వెనకాల మొండిఘటం అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. లోలోపల మురిసిపోయేది కూడా. ఆవులకూ గేదెలకూ సూదులు వేసుకుంటూ హాయిగా బతకొచ్చుగా అని తోటి డాక్టర్లు అంటే, "వాటికి మీరంతా ఉన్నారు. జింకకు జ్వరమొస్తే ఎవరితో చెప్పుకుంటుంది?" అని నోరు మూయించేది. ఇంట్లో అత్తగారు మాత్రం, "మాకు దగ్గొస్తే వేడినీళ్ళు, అడవిలో జింక తుమ్మితే జీపు" అని దెప్పేవారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

అడవి జింకల ఆరోగ్య పరీక్ష అనే పథకం ఆమె బుర్రలోనే పుట్టింది. బతికున్న జింకల నెత్తురు చూస్తే తప్ప మందలో ఏ జబ్బు తిరుగుతోందో తెలియదని పోట్లాడి పోట్లాడి డైరెక్టరును ఒప్పించింది. పెద్ద వల ఒకటి దగ్గరుండి అల్లించింది. ఒక పక్క దాన్ని కట్టి, రెండో పక్క నుంచి జీపు డ్రైవరూ మిగతా సిబ్బందీ డబ్బాలు కొడుతూ, కేకలు వేస్తూ మందను తోలారు. మంద తప్పించుకుంది. మళ్ళీ తోలారు. ఎండెక్కింది. అయినా తోలారు. ఎట్టకేలకు చిక్కిన జింకల కళ్ళకు గుడ్డ కట్టి, నెత్తురు తీసి, చెవులకు గుర్తు బిళ్ళలు వేసి వదిలేశారు. వదలగానే అవి గెంతుకుంటూ పొదల్లో మాయమయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా ఆమే కొట్టింది.

వారం తిరక్కుండానే చెవికి బిళ్ళ ఉన్న జింకలు వాగు పక్కన చచ్చి పడటం మొదలైంది.

మొదటిదాన్ని బల్ల మీద కోసింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కాలేయానికీ ఏ రోగమూ లేదు. తొడ కండ మాత్రం ఎర్రగా ఉండాల్సింది, ఉడకబెట్టినట్టు పాలిపోయి ఉంది. మూత్రం చిక్కటి కాఫీ రంగులో ఉంది. రెండోదాన్ని కోస్తూ, ఏదో ఒక క్రిమి కనబడితే బాగుండునని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకుంది. మూడోదాన్ని కోశాక తనను తాను బుకాయించుకోలేకపోయింది. అదేపనిగా తరిమితే జింక కండలు లోపల్లోపలే చితికిపోతాయి, వాటిలోంచి నెత్తుట్లో కలిసే విషం మూత్రపిండాలకు అడ్డం పడుతుంది. పైకి గెంతుతూ పోయిన జింక కొన్నాళ్ళకు కూలిపోతుంది. ఇదంతా ఆమె ఎప్పుడో చదువుకున్నదే. చదువుకుని కూడా, పశువుల డాక్టరు అలవాటు కొద్దీ, లేచి పరిగెత్తింది కదా బాగున్నట్టే అనుకుంది. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

డైరెక్టరు గదిలోకి వెళ్ళి కూర్చోకుండానే చెప్పింది. "అంటురోగం కాదు సార్. మనం తరిమాం, అవి చచ్చాయి."

"చూడమ్మా, తోలడం నీ ఆలోచనే. మన వేలితో మన కన్ను పొడుచుకుంటామా?"

"కన్ను నాదే కదా సార్. పొడుచుకోనివ్వండి."

"అంటురోగమని పైవాళ్ళకి చెప్పేశాను. రేపు పొద్దున మిగతా మందనీ పట్టి పరీక్ష చేస్తున్నాం. నువ్వు రానంటే ఇంకో డాక్టరొస్తాడు."

"నెత్తురే కావాలా? పెంటికలు ఏరుకొచ్చినా బోలెడు జబ్బులు తెలుస్తాయి సార్. ఒక్క జింకనీ ముట్టుకోనక్కర్లేదు."

"పెంటికలు ఏరుకోవడానికా మనకింత భవనం?"

"మందలో కడుపుతో ఉన్నవే ఎక్కువ సార్. ఇప్పుడు తరిమితే ఒక్కటీ మిగలదు."

"అందుకే తొందరగా కానిద్దాం" అని ఆయన ఫోను అందుకున్నాడు.

కడుపుతో ఉన్నవని చెబితే కూడా చలించని మనిషికి ఇంకేం చెబుతాం? ఆమె తలుపు ధడాలున వేసి వచ్చేసింది.

ఆ సాయంత్రం అన్నం కెలుకుతూ కూర్చున్న కోడలిని అత్తగారు కాసేపు చూశారు. విషయమంతా రాబట్టారు.

"ఎదురు తిరిగితే ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు అత్తయ్యా."

"ఊరుకుంటే?"

"మంద పోతుంది."

"మరింకేం, కడుపునిండా తిను. పొద్దున్నే గొడవపడాలంటే ఓపికుండొద్దూ?" అని ఇంకాస్త పెరుగు వడ్డించారు.

పొద్దున్నే ఆవరణలో వల పరిచి ఉంది. మడతపెట్టి జీపులో వేయడమే తరువాయి. డాక్టరమ్మ శవపరీక్ష గదిలోంచి పక్కటెముకలు కోసే కత్తెర పట్టుకుని వచ్చి, నేల మీద మోకాళ్ళు ఆనించి, వలను నడిమధ్య నుంచి కోయడం మొదలుపెట్టింది. సిబ్బంది నోళ్ళు వెళ్ళబెట్టారు. డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"మతి పోయిందా? ఏం చేస్తున్నావు?"

"శవపరీక్ష సార్. ఇన్నాళ్ళూ చచ్చినవాటిని కోశాను. ఇప్పుడు చంపినదాన్ని కోస్తున్నాను."

"నువ్వు చేయించిన వలే కదమ్మా ఇది!"

"అవును. అందుకే ఇంకొకరికి చెప్పకుండా నేనే కోస్తున్నాను."

"రేపట్నుంచి నువ్విక్కడ ఉండవు!"

"అడవిలో జింకలుంటాయి కదా సార్. చాలు."

వల వదులుగా ఉండి కత్తెరకు చిక్కడం లేదు. ఆమె పళ్ళు బిగించి ఒక్కో తాడే తెంపుతోంది. అందరికంటే గట్టిగా డబ్బా కొట్టిన జీపు డ్రైవరు ఇంజను ఆపేశాడు. తర్వాత దిగి, డైరెక్టరు ముందు నుంచే నడిచి వచ్చి, వల అంచును రెండు చేతులకూ చుట్టుకున్నాడు.

"నేను లాగి పట్టుకుంటానమ్మా. మీరు కానివ్వండి."