కొచ్చిలో కాపురం చేసిన మా యారాలు

పోయిన నెల ఒక ఉదయం నిజామాబాద్ దవాఖాన నుంచి మా బావ ఫోన్ చేశాడు. "మీ అక్క పోయిందమ్మా" అన్నాడు. ఆయన భార్య నాకు యారాలు, అంటే తోడికోడలు. ముప్పై ఏళ్లు ఆమెను అక్కా అనే పిలిచాను. అందులో చాలా ఏళ్లు ఆమెను చూసి కుళ్లుకున్నాను. ఆ మాట దాచి ఆమె గురించి రాయడం నాకు చేతకాదు.

మా ఆర్మూర్‌లో పసుపు కొని ఎగుమతి చేసే వ్యాపారి దగ్గర బావ సరుకు చూసే పని చేసేవాడు. నా పెళ్లయిన కొత్తలోనే ఆయన్ను కొచ్చికి పంపారు. అక్క వెంట వెళ్లింది. నేను ఇక్కడ అత్తమ్మ దగ్గర, పసుపు ఉడకబెట్టే పొగలో మిగిలాను. సెలవుకు వచ్చినప్పుడు ఆమె గొప్పలు చెప్పేది కాదు. అడిగితేనే సముద్రం సంగతులు చెప్పేది. నాకు అదే మరీ మంట.

ఒకసారి నేనూ మా ఆయనా వెళ్లి పది రోజులున్నాం. మట్టంచేరిలో మసాలా గోదాముల వీధి, పాత పెంకుటింట్లో పైభాగం వాళ్లది. చెక్క మెట్లెక్కుతుంటే శొంఠి, మిరియాల వాసన వెంట వచ్చేది. పోర్చుగీసువాళ్ల చర్చి, పాత రాజమహలు, ఒడ్డున చైనా వలలు అన్నీ ఓపికగా తిప్పి చూపించింది.

"ఇంకేం చూసేదున్నదక్కా?" అని అడిగాను.

నవ్వింది. "చూసెటందుకు వచ్చినోళ్లకు ఊరు కనబడదే. గీడ బట్టలు ఉతికి ఆరేసుకుంటే కనబడ్తది. వానకు నాలుగు దినాలైనా ఆరయి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్ని, ఊరు ఆమెది. చేపల బేరం వాళ్ల భాషలోనే ఆడేది. కింద ఉండే ఇంటి యజమానురాలు, పెద్దావిడ, సాయంత్రం కాగానే "మోళే" అని కేకేసేది. అంటే బిడ్డా అని. అక్కను మెట్ల మీద కూర్చోబెట్టుకుని, తలకు నూనె రాసి, ఏదో తిడుతూ జడ వేసేది. అక్క కళ్లు మూసుకుని నవ్వుతుండేది. నా పెళ్లయినప్పటి నుంచీ ఎవరూ నా తల దువ్వలేదు. పైమెట్టు మీద నిలబడి అదంతా చూశాను.

ఇంటికి రాగానే అత్తమ్మతో అన్నాను: "నీ పెద్దకోడలు ఆడ రాణి లెక్క ఉన్నది. నీ కాళ్లు నొస్తున్నయని ఎన్నడన్న అడిగిందా? పెద్దకోడలు చేసే పని నేనెందుకు చెయ్యాలె?"

పెద్దకొడుకూ కోడలూ ఇంటికి రావాల్సిందేనని అత్తమ్మ అన్నం మానేసి కూర్చుంది. రెండు నెలల్లో వాళ్లు కొచ్చి ఇల్లు ఖాళీ చేసి వచ్చేశారు. బావ ఇక్కడి మార్కెట్ యార్డులో చేరాడు. అత్తమ్మ మంచాన పడ్డాక స్నానం, అన్నం, మందులు అన్నీ అక్కే చూసింది. నా పని సగం తగ్గింది. సంతోషం మాత్రం రాలేదు.

డాబా మీద బట్టలు తీస్తూ అక్క "గంటకే ఆరిపోతున్నయేందే, ఏం మజా లేదు" అనేది. మబ్బు పట్టిందంటే గడపలో కూర్చుని, "ఆడ గీపాటికి షురూ అయ్యుంటది" అనేది. ఆదివారాలు కొబ్బరిపాలు పోసి చేపల కూర వండేది. నేను రెండోసారి అడిగి వడ్డించుకునేదాన్ని. బాగుందని ఒక్కసారైనా అనలేదు.

అక్క పోవడానికి వారం ముందు దవాఖానకు వెళ్లాను. బావ చాయ్ తాగడానికి కిందికి పోయాడు. మంచం పక్కన నిలబడి చెప్పేశాను.

"అక్కా, మిమ్మల్ని కొచ్చి నుంచి రప్పించింది నేనే. అత్తమ్మకు ఎక్కిచ్చి చెప్పిన."

"నాకెరుకనే" అంది. "అత్తమ్మ గప్పుడే చెప్పింది."

"మరి ఒక్కనాడన్న అడగకపోతివి?"

"మస్తు కోపమొచ్చింది. ఏడాది దాకా నీ మొఖం చూడబుద్ధి కాలే. కని అడిగితే నువ్వు నాతోటి మాట్లాడుడు బంద్ జేస్తవు. గా ఇంట్ల నాకు ఇంకెవరున్నరే మాట్లాడెటందుకు?"

నాకు ఏడుపు రాలేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, మళ్లీ అసూయే కలిగింది. ఆ స్థానంలో నేనుంటే అంత కోపాన్ని అన్నేళ్లు మింగగలిగేదాన్నా?

"నిలబడ్డవేందే, కూసో" అంది. గదిలో కుర్చీ లేదు. సెలైన్ పెట్టిన చెయ్యి కదలకుండా, వాచిన కాళ్లను ఒక్కొక్కటిగా గోడవైపు జరుపుకుని, మంచం మీద నాకు చోటు చేసింది.