గ్యాస్ బిళ్ళ లేని రెండు వారాలు

మా ఇంట్లో గ్యాస్ బిళ్ళను ఎవరూ మందు కింద జమకట్టరు. ఇక్కడి కారం తినేవాళ్ళకు పొద్దున టీ కంటే ముందు అది కడుపులో పడాల్సిందే. నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఒక షీటు ఉంటుంది. అమ్మ కడుపులో మంటకూ ఏళ్ళ తరబడి అదే వైద్యం. ఈమధ్య అదీ పనిచేయక, అన్నం చూస్తేనే భయపడుతుంటే, నకరికల్లు నుంచి నరసరావుపేటలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

గొంతులోంచి గొట్టం వేసి చూద్దామనగానే అమ్మ బల్ల దిగి చెప్పులు వేసుకుంది. డాక్టరమ్మ నవ్వి, కడుపులో పుండు చేసే క్రిమి ఉందో లేదో మలపరీక్షలోనూ తెలుస్తుందని చెప్పింది. "కాకపోతే రెండు వారాలు గ్యాస్ బిళ్ళ మానేయాలమ్మా. వేసుకుంటే క్రిమి అణిగిపోయి, ఉన్నా లేనట్టే చూపిస్తుంది."

అమ్మ మానేసింది. మొదట్లో ఎలాగో గడిచింది. తర్వాత మంట ఎక్కువైంది. మిరపకాయలకు తొడిమలు తీస్తూ తీస్తూ ఆగిపోయి, దిండు పొట్టకు అదుముకునేది. మజ్జిగ తెచ్చివ్వడం తప్ప నేను చేయగలిగింది లేదు. ఆ డాక్టరమ్మ మీద, ఆ పరీక్ష మీద, వాకిట్లో ఊరికే అటూ ఇటూ తిరిగే నాన్న మీద ఒళ్ళు మండిపోయేది.

రెండో వారంలో మంట తగ్గింది. "దానంతట అదే పోయింది చూడరా," అని అమ్మ సంబరపడింది. ల్యాబ్ వాళ్ళిచ్చిన డబ్బీని నల్ల కవర్లో చుట్టి, పైన కొంగు కప్పి, బండి మీద నా వెనక కూర్చుని వచ్చింది.

క్రిమి లేదని రిపోర్టు వచ్చింది. దాన్ని చూపించడానికి ముగ్గురం వెళ్ళాం. "బిళ్ళ ఒక్కటి కూడా వేసుకోలేదు కదా?" అని డాక్టరమ్మ అడిగింది. అమ్మ లేదని ఒట్టేసింది. నాన్న నేలచూపులు చూస్తూ నోరు విప్పాడు.

"నేనే మజ్జిగన్నంలో కలిపి పెట్టానమ్మా. ఆమెకి తెలవదు. చూడలేకపోయా."

ఊళ్ళో ఎవరికీ జంకని మనిషి గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు.

మళ్ళీ రెండు వారాలు మానాలంది డాక్టరమ్మ. బయటికి రాగానే అమ్మ నాన్నతో అంది: "ఏమయ్యా, ఈసారి నువ్వు ఇంట్లో ఉండమాక. కారంపూడిలో మీ అక్క ఇంటికి పో. నువ్వెదురుగా ఉంటే మూలగను కూడా మూలగలేకపోతన్నా."

నాన్న వెళ్ళాడు. పొద్దుగూకే వేళకు ఫోన్ చేస్తాడు.

"ఏమే, మంటగా ఉందా?"

"చానా నయంగా ఉంది. నువ్వు తిన్నావా?" అని ఫోన్ నాకిచ్చేసి, అమ్మ రెండు చేతులతో పొట్ట పట్టుకుని వంగిపోతుంది.

నాన్న నన్నూ అదే అడుగుతాడు. అమ్మ తలెత్తి నా వంకే చూస్తూ ఉంటుంది.

"బాగానే ఉంది నాన్నా," అంటాను.