బోర్డు మీది పేరు

మా అమ్మాయి బెంగళూరులో ప్రసవమై నెల కాలేదు, ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన పెట్టింది. ఆడపిల్లకు పేరు కావాలట. రెండక్షరాలే ఉండాలట, ఎవరూ తుంచి పిలవడానికి వీల్లేకుండా. తెలుగువాళ్ళకూ, కన్నడంవాళ్ళకూ, రేపు పిల్ల చేరబోయే ఆఫీసువాళ్ళకూ నోరు తిరగాలట. మా కాలంలో పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని షరతులు పెట్టలేదు. గంటలో పేర్లు కుప్పపడ్డాయి. వాటిలో, మా ఇంటికి కొత్తగా కోడలై వచ్చిన ఒక పిల్ల, పాపం తెలియక, 'సిరి' అని పెట్టింది. అంతే, గ్రూపు నోరు మూతపడింది. సాయంత్రం దాకా ఒక గుడ్ ఈవినింగ్ బొమ్మ కూడా రాలేదు.

ఆ పేరు సంగతి చెప్పాలంటే ముందు మా అక్క సంగతి చెప్పాలి. బాగేపల్లిలో అంగడి ఉన్న ఇంటికి కోడలిగా పోయింది. మా బావ పోయినాక గల్లాపెట్టె ముందర తానే కూర్చుంది, ఇప్పటికీ లేవలేదు. ఏదీ పారేసే రకం కాదు. చింతపండు మూటకు కట్టొచ్చిన పురికొస కూడా ఉండ చుట్టి పెడుతుంది. మా అమ్మ మా ఇద్దరికీ రైలుబండి అంత పేర్లు పెట్టింది, అక్క పేరు రేషన్ కార్డులో ఒక వరసలో పట్టదు. అందుకే కొడుక్కి మొదట ఆడపిల్ల పుట్టినప్పుడు, పిలిస్తే ఊపిరి ఖర్చు కాని పేరు కావాలని 'సిరి' అని పెట్టింది. ఆ పేరే అంగడి బోర్డు మీద రాయించింది, గుడ్డ సంచుల మీద అచ్చు వేయించింది, సరుకు తోలే ఆటో వెనకా, పిల్ల పాలు తాగే వెండి గిన్నె మీదా ఎక్కించింది. వ్యాపారం కూడా అప్పటినుంచే పుంజుకుంది. పిల్ల తక్కెడ పక్కన కూర్చుని పుట్నాలు నములుతూ వచ్చినవాళ్ళందరినీ 'ఏమి కావల్లప్పా?' అని అడిగేది. మూడేళ్ళు నిండకముందే, ఒక వానాకాలం జ్వరం వచ్చి పిల్ల పోయింది. బోర్డు మాత్రం దించలేదు. పిల్ల తల్లి రోజూ ఆ బోర్డు కిందనే వాకిలి ఊడ్చేది.

ఆ తల్లి, అంటే మా అక్క కోడలు, చింతామణి దగ్గర బట్లహళ్ళి వైపు పిల్ల. వాళ్ళ నాయన పూలతోట సాగు చేస్తాడు. మాట నెమ్మది, నవ్వు తక్కువ. మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు చూపించుకోవడానికి చిక్కబళ్ళాపురం వచ్చి మా ఇంట్లో దిగింది. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "చిన్నత్తా, ఆడబిడ్డయితే జాజి అని పెట్టుకుంటా. ఆ పాత పేరు మాత్రం వద్దని మీరన్నా అత్తకు చెప్పండి. సిరీ అని పిలిస్తే నా చెవికి పలికేది ఆ బిడ్డే" అంది. ఆ పిల్ల నోటినుంచి ఒకేసారి అన్ని మాటలు వినడం నాకు అదే మొదలు. జాజి. ఎంత బాగుందో అనిపించింది. చెప్తానని మాటిచ్చాను, చెప్పాను కూడా. అక్క ఫోనులో "చూద్దాం లే" అంది. మా అక్క 'చూద్దాం' అంటే చూడడం అయిపోయిందని అర్థం.

ఆడపిల్లే పుట్టింది. ఉయ్యాల తొట్టిలో వేసి పేరు పెట్టే రోజు బాగేపల్లి ఇంట్లో గుగ్గిళ్ళ వాసన, చుట్టాల సందడి. అక్క తొట్టి మీదికి వంగి, మూడుసార్లు చెవిలో చెప్పి, నాలుగోసారి అందరికీ వినపడేలా "సిరి" అంది. నేను ఊరుకోలేదు. "అక్కా, పోయిన బిడ్డ పేరు పచ్చి బిడ్డకు పెడతారా?" అన్నాను. "పోయిందని ఎవురు చెప్పిరి? అదే మళ్ళా వచ్చిండాది. బోర్డు ఉండాది, సంచులు ఉండాయి, గిన్నె మింద చెక్కించిండేది ఉండాది. కొత్త పేరు యాల? నీకు అంత ముచ్చటయితే నీ మనవరాలికి పెట్టుకో పో" అంది. ఆమె కొడుకు వైపు చూశాను. తండ్రి కదా, ఒక మాట అనకపోతాడా అని. వాడు గోడకేసి చూస్తూ "అమ్మ చెప్పిందే కానీలే" అన్నాడు. అప్పుడు కోడలు లేచి వచ్చింది. తాను అనుకున్న పేరు చెప్పుకుందామని తొట్టి మీదికి వంగింది. మా అక్క అరచేయి చాచి పసిదాని చెవి మూసింది. "ఒగ చెవిలో రెండు పేర్లు పడితే బిడ్డకు అచ్చిరాదు" అంది, ఎంతో ప్రేమగా. ఆ చేయి చూస్తే నాకు ఈరోజుకీ ఒళ్ళు మండుతుంది.

అక్కడినుంచి ఆ పిల్ల బతుకంతా సెకండ్ హ్యాండ్ బతుకే. పోయిన తన అక్క గౌన్లు, ఆ అక్క గిన్నె, ఆ అక్క గజ్జెలు. ఏడిస్తే "అది ఇట్ల ఏడ్చేది కాదు" అనేది మా అక్క. నడక ఆలస్యమైతే "పోయినసారి తొందరగా నడిచింటివే" అనేది, పసిదానితోనే. తల్లి ఒక్కరోజు కూడా ఆ పేరుతో పిలవలేదు. పాపా అనేది, ఇదిగో అనేది, లేకపోతే దగ్గరికి పోయి భుజం తట్టేది. పనిలో పడి ఉన్నప్పుడు ఒక్కోసారి పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు.

పోయిన ఆయుధపూజకు నేను అక్కడే ఉన్నాను. పిల్ల ఒకటో తరగతిలో చేరి, కొత్తగా అక్షరాలు కూడబలుక్కుంటోంది. సబ్బు పెట్టె కనపడినా చదువుతుంది, ఉప్పు పొట్లం కనపడినా చదువుతుంది. మేమంతా మురిసిపోతున్నాం. అంగడి కడగడానికని పనివాడు పైన దేవుడి పటాలన్నీ దించి గల్లాపెట్టె మీద వరసగా పెట్టాడు. వాటిలో, పోయిన మా బావ ఫోటోకు లాగే గంధపు దండ వేసిన చిన్నపిల్ల ఫోటో ఒకటి. అన్నాళ్ళూ దాన్ని దేవుడి పాప అని చెబుతూ వచ్చారట. పిల్ల దాని కింద వేలు పెట్టి, సి, రి, అని చదివింది. ఇంకోసారి చదివింది. తరువాత చాలా మామూలుగా, బడిలో సందేహం అడిగినట్టు, "అవ్వా, నేను ఎప్పుడు సచ్చిపోతిని?" అంది.

ఇప్పుడన్నా మా అక్క నోట మాట రాకుండా పోతుందనుకున్నాను. పోలేదు. మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని "సచ్చిపోయి మళ్ళా మాకోసరం వచ్చినావు తల్లీ" అంది గర్వంగా.

"మళ్ళా పోవల్లా?" అంది పిల్ల.

కోడలు చేతిలోని తడిగుడ్డ అక్కడే పడేసి వచ్చింది. అత్త ఒళ్ళోనుంచి బిడ్డను లాక్కుని వాకిట్లోకి తీసుకుపోయి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చెంపలూ పట్టుకుని చెప్పింది. "నువ్వు యాడికీ పోవు. నువ్వు సచ్చిపోలేదు. అది మీ అక్క. ఆ పేరు దానిది. నీ పేరు జాజి." ఆరేళ్ళలో ఆ పేరు గట్టిగా బయటికి రావడం అదే మొదలు. నాకు కళ్ళు నిండాయి. ఎన్నాళ్ళకు, అనుకున్నాను. పిల్ల, తల్లి ముఖంలోకి చూసింది. భయపడింది. "కాదమ్మా, నా పేరు సిరి. ఇస్కూల్లో మిస్సు కూడా అట్లనే పిలుస్తాది" అని చేతులు విడిపించుకుని, ఏడుస్తూ పరుగెత్తి పోయి అవ్వ కొంగులో తల దూర్చింది. కోడలు లేచి వచ్చి, తడిగుడ్డ తీసుకుని పటాలు తుడవసాగింది.

కాలం అన్నిటినీ మానుపుతుందని పెద్దలు ఊరికే అంటుంటారు. నేను చూసినంతలో అది మాన్పేదేమీ లేదు. చేసిన అన్యాయానికి కూడా, పిలవగా పిలవగా, మనిషి పలికేలా అలవాటు చేస్తుంది, అంతే.