కర్రెగాడి చెవి, నా జలభీతి

కుక్క చెవి వాస్తే ఏమవుతుంది? మహా అయితే కుక్క మూలుగుతుంది. మధ్యలో నేను దూరితే మాత్రం ఊరు కర్రలు పట్టుకుంటుంది, పక్క ఊరి నుంచి తుపాకి బయల్దేరుతుంది, ఒక తెలివైన యువకుడు గొర్రెల దొడ్డిలో బందీ అవుతాడు. ఆ తెలివైన యువకుణ్ణి నేనే. అప్పుడే నవ్వకండి, ఇంకా చాలా ఉంది.

డెబ్భైల మొదట్లో మా కొత్తగూడలో, ఇప్పుడు ఫ్లైఓవర్ నీడ పడే చోట, సీతాఫలం పొదలూ బండలూ మా మల్లమ్మత్త గొర్రెలూ ఉండేవి. మల్లమ్మత్త మా నాన్న చెల్లెలు. మామ పోయాడు, పిల్లలు లేరు. ఆమెకున్నవల్లా ముప్పై గొర్రెలు, వాటిని నక్కల నుంచీ దొంగల నుంచీ కాపాడే నల్లకుక్క ఒకటి. దాని పేరు కర్రెగాడు.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ లోటు పూడ్చుకోవడానికి లింగంపల్లి గ్రంథాలయానికి సైకిలు తొక్కి, బీరువాలోని పుస్తకాలను ఎడమ నుంచి కుడికి వరసగా చదివేసేవాణ్ణి. నక్షత్రాలు అయిపోయాయి, తేనెటీగలు అయిపోయాయి. అప్పుడు జంతువుల జబ్బుల మీద ఇటుకంత పుస్తకం చేతికొచ్చింది. అందులో శుభ్రత గురించి చదివిన రోజే మా ఇనుప బకెట్టూ బట్టల సబ్బూ తీసుకుని కర్రెగాడికి తలస్నానం చేయించాను. నన్ను కరవలేదంటే అది వాడి సంస్కారం.

వారం తిరక్కుండానే అత్త పొద్దున్నే వాడిని వెంటబెట్టుకొచ్చింది.

"అల్లుడా, కర్రెగాని చెవి పూరీ లెక్క ఉబ్బింది. తల ఇదిలిస్తనే ఉన్నడు, బువ్వ ముడ్తలేడు. గా బుక్కుల ఏమన్న మందున్నదా, జర చూడు."

చెవి ఎత్తి చూడొచ్చు. కానీ అది చదువురాని వాళ్లు చేసే పని కదా! నేను పుస్తకం తెరిచాను. తిండి మానడం, తల విదిలించడం, నీళ్లంటే బెదరడం... మొదటి రెండూ సరిపోయాయి. మూడోది పరీక్షించడానికి బకెట్టు నిండా నీళ్లు తెచ్చి వాడి ముందు పెట్టాను. కర్రెగాడు ఒక్క అరుపు అరిచి అత్త కాళ్ల సందున దూరాడు.

"జలభీతి!" అన్నాను గంభీరంగా.

చుట్టూ చేరిన పదిమందికీ అర్థం కాలేదు. ఊరి కావలి నర్సయ్య అడిగాడు. "అంటే ఏంది, పంతులూ?"

నేను పంతుల్ని కాను. ఎగతాళికి అలా పిలిచేవారు. ఆ రోజు మాత్రం గౌరవంగా పిలిచాడనుకున్నాను.

"పిచ్చి. కుక్కకు పిచ్చి లేచింది."

ఈ మాట అందరికీ అర్థమైంది. నా జీవితంలో నేను చెప్పిన ఇంకే మాటా అంత త్వరగా అర్థం కాలేదు.

"మొన్న నా చెయ్యి నాకిందిరో!"

"బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులంట!"

"గచ్చిబౌలికి సైకిల్ తోలుండ్రి, వేటగాడు సాయిలు తుపాకి తెస్తడు!"

కర్రలు లేచాయి. అత్త కర్రెగాడిని లాక్కుపోయి దొడ్డిలో వేసి, తడికకు అడ్డంగా కొడవలి పట్టుకుని కూర్చుంది. "ముందు నన్ను కొట్టుండ్రి. ఎన్క వాని కాడికి పోండ్రి."

"మాకేమన్న పగనా, అక్కా? పంతులే చెప్పె," అన్నాడు నర్సయ్య.

అత్త నా వైపు చూసింది. "నువ్వే చెప్పు, అల్లుడా. నిజమేనా?"

"నాకు సరిగా తెలియదు" అంటే కథ అక్కడే ముగిసేది. కానీ నాకప్పుడు ఇరవై ఏళ్లు. "పుస్తకం తప్పు చెప్పదు, అత్తా," అన్నాను.

"అట్లనా? అయితే బుక్కు తీస్కొని లోపలికి పో. వాని మొకం జూసి మల్ల చదువు. సాయిలు వచ్చెదాక టైమున్నది." ఆమె తడిక సందులోంచి కర్రెగాడిని చూసింది. "వాడు లేకుంటే నా గొర్లను ఎవరు కాస్తరు రా?"

నన్ను లోపలికి తోసి తడిక బిగించారు.

ఒక మూల కర్రెగాడు, ఇంకో మూల తుమ్మమొద్దు మీద నేను. వాడు తల పక్కకు వాల్చి నా వైపే చూస్తున్నాడు. పుస్తకాన్ని డాలులా పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. వణుకు: వాడికి లేదు, నాకుంది. గొంతు మారడం: "తడిక తియ్యుండ్రి!" అని అరిస్తే మేకపిల్ల గొంతు వచ్చింది. నోట చొంగ: పుస్తకం మీద పడ్డ చుక్క ఎవరిదో నేను చెప్పను.

నర్సయ్య జాలిపడి గోడ మీది నుంచి చెంబు అందించాడు. "తాగు, పంతులూ."

నోట్లో పోసుకున్నాను. గొంతు దిగలేదు. పొలమారి చెంబు ఎగిరిపోయింది.

"అమ్మో! నీళ్లు జూసి బెదిరిండు!"

"వీనికి గూడ అంటుకున్నది! తాడు తెండ్రి!"

"నాకేం కాలేదు!"

"పిచ్చోళ్లంత గట్లనే అంటరు!"

అప్పుడే బయట సైకిలు గంట మోగింది. సాయిలు వచ్చేశాడు.

అత్త ఇక ఆగలేదు. తడిక తోసుకుని లోపలికొచ్చి, నేల మీద కూలబడి, కర్రెగాడి తల ఒళ్లో పెట్టుకుంది. ఆఖరిసారి నిమురుతున్నదనుకున్నాను. ఆమె ఉబ్బిన చెవిని మెల్లగా వెనక్కి మడిచింది, లోపలికి వేలు పోనిచ్చింది, అలసంద గింజంత పిడుదును పీకి నా పుస్తకం మీద పెట్టింది.

"ఇది కొరికినందుకు గీక్కున్నడు, గీక్కుంటే ఉబ్బింది. గింతే." మట్టిచిప్పలో నీళ్లు పెడితే కర్రెగాడు అడుగు దాకా నాకేశాడు.

"మరి బకెట్ జూసి ఎందుకు బెదిరిండు?" అన్నాడు నర్సయ్య.

"ఎందుకు బెదరడు? గా బకెట్ తోనే గదా మా అల్లుడు తానం జేయించింది! సబ్బు కండ్లల్ల వడి, మూడు దినాలు ఈ దిక్కే రాలే."

తడిక దగ్గర సాయిలు తుపాకితో నిలబడ్డాడు. "ఏది, పిచ్చిది ఎక్కడున్నది?"

ఊరంతా ఒకేసారి వేలెత్తి నన్ను చూపించింది.

అత్త రోజూ పసుపూ ఆముదమూ రాయగా వాపు దిగింది గానీ, ఆ చెవి ఎండు మామిడితొక్కలా ముడతలు పడి అలాగే ఉండిపోయింది. పుస్తకం తిరిగి ఇచ్చేముందు 'చెవి వాపులు' అన్న పేజీ చూశాను. ఆర్భాటంగా లేదని నేను వదిలేసిన పేజీ అది. మొదటి వాక్యం: ముందుగా చెవి లోపల చూడవలెను.

అందుచేత కర్రెగాడి ముడతల చెవి సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ ప్రాణి చెవి వాచినా ముందు చెవి ఎత్తుతాను, తర్వాతే పుస్తకం తెరుస్తాను. ప్రమాణం అయ్యాక వాణ్ణి రమ్మని పిలిచాను. నా రెండు చేతులూ చూసి, బకెట్టు లేదని నిర్ధారించుకున్నాకే వాడు వచ్చాడు.