గుంటనత్త తరఫున గ్లెనిస్

గ్లెనిస్ హార్‌గుడ్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే: ఊరూ పేరూ లేని రాక్షసులంటే ప్రాణం. బర్నీ ఊళ్ళో టాంసిన్ దుకాణం వెనక గదిలో ప్రతి శనివారం మధ్యాహ్నం పదహారు మంది కూర్చుని రాక్షసుల కార్డులాట ఆడతారు. పదిహేను మంది గెలవడానికి వస్తారు. గ్లెనిస్ మాత్రం తన రాక్షసులను నలుగురికీ పరిచయం చేయడానికి వస్తుంది.

కొత్త ప్యాకెట్ చింపిన వాళ్ళు ఎవరైనా మెరిసే డ్రాగన్ కోసం వెతుక్కుని, మిగతా కార్డులను తలుపు పక్కనున్న బూట్ల డబ్బాలో పారేస్తారు. గ్లెనిస్ వాటిని ఏరుకుని, ఒక్కొక్కరికీ రెండేసి ప్లాస్టిక్ తొడుగులు తొడుగుతుంది. డ్రాగన్లకే ఒక తొడుగు దిక్కు, వీటికి రెండెందుకని అడిగితే, "ఒకటి చలికి, ఒకటి వానకి" అంటుంది.

"నాలుగు మంచి కార్డులు పెట్టుకోవచ్చుగా గ్లెనిస్" అని టాంసిన్ ఒకసారి చెప్పి చూసింది.

"ఆ పెద్దవాళ్ళ కింద ఎనిమిదేసి వరుసలు రాసుంటాయమ్మా, చీమ తలలంత అక్షరాలతో. లేస్తే ఒక షరతు, కూర్చుంటే ఒక షరతు. అలాంటివాళ్ళతో నాకు పడదు. మా గుంటనత్తను చూడు. బలం ఒకటి. ఇంకేమీ రాసిలేదు. ఎంత నిమ్మళమైన మనిషి."

ఆ నిమ్మళమైన మనిషిని బల్ల మీద పెట్టిన ప్రతిసారీ గదంతా వినపడేలా పరిచయం జరగాల్సిందే. "ఈయన గుంటనత్త. నీలం రంగు, బలం ఒకటి. వాన వెలిశాక బయటికొస్తాడు, ఎవరి జోలికీ పోడు." రెండో నత్త వస్తే, "ఈయనా గుంటనత్తే, నీలమే, బలం ఒకటే. కానీ మొదటాయనతో మాటల్లేవు." తరవాత, "ఈవిడ తడిసిన నిప్పుపిట్ట. ఎరుపు, బలం రెండు. ఇప్పుడిప్పుడే ఆరుతోంది, కంగారు పెట్టకండి." ఎదుటివాళ్ళ డ్రాగన్ వచ్చి నత్తను తొక్కేస్తే, గ్లెనిస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు మౌనం పాటిస్తుంది. ఎదుటివాళ్ళు కూడా పాటించాలి.

ఈ మౌనాలు పాటించలేక డారిల్ ఒక శనివారం టాంసిన్‌ను పక్కకు పిలిచాడు. డారిల్ ఊరి ఛాంపియన్. నడిచేటప్పుడు కూడా ఛాంపియన్‌లాగే నడుస్తాడు.

"ఏడు నిమిషాలు, టాంసిన్. ఏడు నిమిషాలు ఒక కప్ప బంధువుల గురించి విన్నాను. ఆట ఎప్పుడు సాగుతుంది? ఆవిడను పోటీల్లోంచి తీసెయ్. లేదంటే మేం అయిదుగురం పక్కూరు డెవన్‌పోర్ట్‌లో దుకాణం చూసుకుంటాం."

అయిదుగురు పోతే శనివారాలే పోతాయి. గ్లెనిస్ పోతే ఆవిడకు వారంలో ఇంకే రోజూ మిగలదు. టాంసిన్ అరగంట కౌంటర్ తుడిచింది. తుడవడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి, చెప్పేద్దామని గదిలోకి వెళ్ళింది.

ఓడినవాళ్ళను ఓడినవాళ్ళతో ఆడించడం ఈ పోటీల పద్ధతి. అందుకే గ్లెనిస్, వెస్లీ ప్రతివారం చివరి బల్ల దగ్గర కలుస్తారు. వెస్లీ రేవులో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాడు. వెన్నునొప్పని చెప్పి ఈ మధ్యే మానేశాడు. అందరి దగ్గరా బిక్కుబిక్కుమంటూ ఆడే మనిషి, గ్లెనిస్ దగ్గర మాత్రం సింహంలా ఆడతాడు.

ఆట అయ్యాక మాట్లాడదామని టాంసిన్ గ్లెనిస్ కుర్చీ వెనక నిలబడింది. గ్లెనిస్ ఆకుపచ్చ బల్లగుడ్డ మీద ఆకుపచ్చ కప్పను పెట్టింది. నోరు తెరిచేలోగా దగ్గు తెర అందుకుంది.

"నీ వైపు దారి ఖాళీ. కొట్టేస్తున్నా" అన్నాడు వెస్లీ హుషారుగా.

కప్ప అతని ముందే ఉంది. టాంసిన్ కప్పను చూసింది, వెస్లీని చూసింది. అతను బల్లవైపు చూడటం లేదు. దగ్గు వినపడే వైపు చెవి పెట్టి కూర్చున్నాడు.

"ఖాళీ ఎక్కడిది నాయనా," గ్లెనిస్ ఊపిరి కూడదీసుకుంది. "నా మర్యాద తగలెయ్య, పరిచయమే చేయలేదు. ఈయన కప్ప. ఆకుపచ్చ, బలం మూడు. నీకు ఎడమ చివర కూర్చున్నాడు."

"క్షమించాలి కప్పగారూ" అంటూ వెస్లీ తన కార్డు వెనక్కి తీసుకున్నాడు.

అతను గెలిచి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాక టాంసిన్ ఆ కుర్చీలో కూర్చుంది.

"అతనికి కనపడదా?"

"మసక. తన కార్డులు రంగును బట్టి పోల్చుకుంటాడు. ఎదుటివాళ్ళ కార్డుల మీద అక్షరాలతోనే చిక్కు. చలికాలంలో ఒకసారి ఎదుట పెట్టిన కార్డు ఏం చేస్తుందని డారిల్‌ని అడిగాడు. 'రాసుందిగా, చదువుకో' అన్నాడు. ఆ తరవాత వెస్లీ ఇంక ఎవర్నీ అడగలేదు."

"నీకు చెప్పాడా?"

"చెప్పడమెందుకు? ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపాను. మెట్టు కోసం కాలితో వెతుక్కునేవాళ్ళను పోల్చలేనూ? ఆయన నోటితో ఆయన చెప్పేదాకా మనకు తెలియదు. సరేనా?"

"అయితే ఈ నత్తలూ కప్పలూ అంతా అతని కోసం నాటకమేనా?"

గ్లెనిస్ గబుక్కున రెండు చేతులూ కార్డుల మీద కప్పింది. "మెల్లగా. వాళ్ళ ముందు ఏం మాటలవి? అరిచి పరిచయాలు చేయడం చలికాలం నుంచే. ప్రేమ మొదటినుంచీ ఉంది." తరవాత తల ఎత్తి, "నువ్వేదో చెప్పడానికి వచ్చినట్టున్నావు?" అంది.

"టీ తాగుతావేమోనని" అంది టాంసిన్.

తరవాతి శనివారం గోడ మీద కొత్త కాగితం వెలిసింది. ఎవరు ఏ కార్డు పెట్టినా రంగు, బలం, కింద రాసిందంతా పైకి చదవాలి.

"ఇదేం రూలు?" అన్నాడు డారిల్.

"మా దుకాణం రూలు. డెవన్‌పోర్ట్ బస్సు వేళలు కావాలంటే గ్లెనిస్‌ను అడుగు, బాగా తెలుసు."

బయట జోరున వాన. డారిల్ తిట్టుకుంటూ కూర్చున్నాడు. మొదటి ఆటలో చీటీ తీస్తే అతనికి వెస్లీ తగిలాడు. డారిల్ తన బంగారు డ్రాగన్‌ను బల్ల మీద పెట్టి, బడిలో పద్యం అప్పజెప్పేవాడిలా మొదలుపెట్టాడు. ఒకటో వరుస, రెండో వరుస. వెస్లీ కళ్ళు మూసుకుని వింటున్నాడు. అయిదో వరుస దగ్గర డారిల్ ఆగిపోయాడు. కార్డు ముఖం దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చదివాడు, ఈసారి పెదవులు మాత్రమే కదిలాయి.

"ఏమైంది?" అన్నాడు వెస్లీ.

"ఇది బల్ల మీదికొచ్చిన ప్రతిసారీ... నేను రెండు కార్డులు పారేయాలట."

"ఎప్పట్నుంచి?"

డారిల్ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అచ్చేసినప్పట్నుంచీ అనుకుంటా."

వెస్లీ కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు బారజాపుకున్నాడు.

"తొందరేం లేదు, డారిల్. ఆలోచించుకుని పారెయ్యి."